లెక్కల బుధవారం

మా బడిలో పిల్లల్ని ఏడాది పొడుగునా లెక్కపెడతాం. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ హాజరు పట్టీలు నా చేతుల మీదుగానే వెళుతున్నాయి. అయితే రాష్ట్రం పట్టించుకునే లెక్క ఒక్కటే, అక్టోబరు మొదటి బుధవారం నాటిది. ఆ రోజు బడిలో కూర్చున్న ఒక్కో బిడ్డకీ ఇంత అని ఆ ఏటి డబ్బు వస్తుంది. జబ్బు పడ్డవాళ్ళకు మినహాయింపు ఉంది, పది రోజుల్లోగా వస్తే ఒప్పుకుంటారు. మంగళవారం దాకా నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల బుధవారం పొద్దున ఊరు విడిచి వెళ్ళిందా, ఆ పిల్ల పేరున చిల్లిగవ్వ రాదు.

మా కాల్డర్ ఊళ్ళో దాన్ని లెక్కల బుధవారం అంటాం. క్రిస్మస్‌కి కూడా అంత హడావుడి ఉండదు. ఆ రోజు మధ్యాహ్నం అందరికీ పిజ్జా, పాప్‌కార్న్. ఎవరికి నచ్చిన టోపీ వాళ్ళు పెట్టుకుని రావచ్చు. సాయంత్రం చీటీలు తీసి ఒకరికి సైకిలు బహుమతి. మామూలు రోజుల్లో పెన్సిళ్ళ పెట్టె అడిగితే మూడు సంతకాలు కావాలనే స్కూలు బోర్డు ఆ ఒక్క రోజు మగపెళ్ళివారిలా దర్జా ఒలకబోస్తుంది.

నా పేరు జెనివీవ్ కూబియాక్. పిల్లలకి మిస్ జెన్‌ని. ఆ పిల్లల్ని కన్నవాళ్ళకీ వాళ్ళ చిన్నప్పటి నుంచీ మిస్ జెన్‌నే. నదికి తూర్పు ఒడ్డున ఉన్న బడిలో ఆఫీసు గుమాస్తాని. కాగితం మిల్లు నడిచే రోజుల్లో మా బడిలో ఐదు వందల మంది ఉండేవాళ్ళు. మిల్లు మూతపడ్డాక ఏటా ఇరవై మంది, ముప్ఫై మంది చొప్పున జారిపోతూ వచ్చారు. మిగిలినవాళ్ళ కోసం పక్క ఊరు పైన్ హార్బర్ కాచుకుని కూర్చుంది. ఇక్కడ ఏ ఊరి పిల్లయినా ఏ ఊరి బడిలోనైనా చేరవచ్చు. పిల్ల ఎక్కడికి వెళితే డబ్బూ అక్కడికే. అందుకని పైన్ హార్బర్ వాళ్ళు సరిగ్గా మా వంతెన పక్కనే పెద్ద బోర్డు పెట్టారు, మా ఈతకొలను మీ బిడ్డ కోసం ఎదురుచూస్తోంది అని. సిగ్గూ ఎగ్గూ లేదు.

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. నాకు తెలుసు, పైకి చెప్పుకోనంతే. నా మనవడు డెక్లన్ రెండేళ్ళుగా ఆ కొలనులోనే ఈదుతున్నాడు.

పోయిన వసంతంలో మా స్కూలు బోర్డు ఒక తీర్మానం చేసింది. లెక్కల బుధవారం నాడు తూర్పు బడిలో నూట ఎనభై మంది ఉంటే బడి ఉంటుంది. ఒక్కరు తగ్గినా జూన్‌లో తాళం పడుతుంది, పిల్లల్ని బస్సెక్కించి నది అవతల బడిలో కలిపేస్తారు. ఆ మాట కాగితం మీద పెట్టి సంతకాలు కూడా చేశారు. నేను దాని నకలు తీయించి నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను.

మంగళవారం ఉదయం లెస్టర్ వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించాడు. మా బస్సు డ్రైవరు. అరవై ఎనిమిదేళ్ళు. ఆయన బస్సుకి లేని పదును ఆయన నాలుకకి ఉంది.

"జెన్, నీ లెక్కకి నాలుగు చిల్లులు పడ్డాయి," అన్నాడు.

"పొద్దున్నే పొడుపుకథలు వేయకు. ఏమైందో చెప్పి ఏడు."

"బక్‌నర్ పిల్లలు. మోటెల్ దగ్గర ఎక్కించుకుంటుంటే చిన్నది జూనీ చెప్పింది. రేప్పొద్దున వాళ్ళ బాబాయి ట్రక్కు తెస్తున్నాడట. ఫోర్ట్ వేన్ వెళ్ళిపోతున్నారట. గిన్నెలు కూడా సర్దేశారట."

"రేపా? ఎల్లుండి లేదా వాళ్ళకి?"

"ఎల్లుండి అందరికీ ఉంది. నీకే లేదు."

నా రిజిస్టరులో ఆ రోజు నూట ఎనభై రెండు పేర్లున్నాయి. నలుగురు పోతే నూట డెబ్భై ఎనిమిది. ఇలాంటి కూడికలూ తీసివేతలూ నేను నిద్రలోనూ చేయగలను, అయినా కాగితం తీసుకుని ఒకసారి రాసి చూశాను. కాగితం మీదా అంతే వచ్చింది.

ప్రిన్సిపాల్ రూబీ టాల్బర్ట్ గదిలోకి వెళ్ళి చెప్పాను. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, మంచి మనిషి. ఆ ఏడాది మొత్తం తెల్లారితే ఎవరి కాళ్ళో ఒకరివి పట్టుకుంటూనే ఉంది.

"నేను అడగలేను జెన్," అంది. "వెళ్ళిపోయే కుటుంబాన్ని ప్రిన్సిపాల్ ఆపిందంటే అది నా మెడకు చుట్టుకుంటుంది."

"నువ్వేం చెప్పలేదు, నేనేం వినలేదు. నాకు పంటినొప్పిగా ఉంది, మధ్యాహ్నం సెలవు ఇప్పించు."

"ఏ పన్ను?"

"నూట డెబ్భై తొమ్మిదోది."

ఆమె నవ్వలేదు. సెలవు చీటీ మీద సంతకం పెట్టి నా వైపు తోసింది.

బ్లూ హెరాన్ మోటెల్ హైవే పక్కన ఉంటుంది. టెస్సా బక్‌నర్, నలుగురు పిల్లలూ ఏడాదిన్నరగా అక్కడ తొమ్మిదో నంబరు గదిలో వారం వారం అద్దె కడుతూ ఉంటున్నారు. టెస్సాని నాకు ఆరేళ్ళప్పటి నుంచీ తెలుసు. బూటు లేసులు కట్టుకోవడం రాక రోజూ నా కౌంటరు ముందుకొచ్చి కాలు చాపేది. ఇప్పుడు ముప్ఫై ఒకటి. తలుపు తీసి నన్ను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. బడి మనిషి గుమ్మంలో కనిపిస్తే తల్లులందరికీ అంతే.

"మిస్ జెన్! పిల్లలు ఏమైనా చేశారా?"

"పిల్లలు బంగారం. చేయబోయేది నేనే. లోపలికి రానిస్తావా?"

గదిలో నల్ల చెత్త సంచులు వరసగా కట్టి ఉన్నాయి. బట్టలన్నీ వాటిలోనే. టెస్సా మంచం మీద చోటు చేసి కూర్చోబెట్టింది. అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఫోర్ట్ వేన్‌లో చెల్లెలు ఉంటుంది. అక్కడి వృద్ధాశ్రమంలో బట్టలుతికే చోట ఉద్యోగం, సోమవారం నుంచి. రెండు పడకగదుల ఫ్లాటు దొరికింది, అద్దె కూడా ఆమె కట్టగలిగినంతే.

"టబ్బు ఉంది మిస్ జెన్. జూనీ పుట్టి ఐదేళ్ళయింది, ఇంతవరకు టబ్బులో స్నానమే చేయలేదు. ఒపల్ అయితే తలుపు దగ్గర మంచం నాదే అని ఇప్పట్నుంచే దెబ్బలాడుతోంది."

ఒపల్ పెద్దది, ఐదో తరగతి. మధ్యలో కోల్, కేడ్ అని కవలలు.

"రేపే వెళ్ళాలా టెస్సా?"

"సాయంత్రం ఐదింటికల్లా వచ్చి సంతకం పెట్టి తాళం తీసుకోమన్నాడు, ఓనరు మిస్టర్ హాగన్. ఐదు దాటితే లిస్టులో తర్వాత వాళ్ళకి ఇచ్చేస్తాడట. ఆ లిస్టు ఎంత పొడుగుందో తెలుసా మీకు?"

అప్పుడు చెప్పాను. లెక్క సంగతీ, నూట ఎనభై సంగతీ. ఆమె సంచి మూతి కట్టడం ఆపి విన్నది.

"బడి కోసమా ఇదంతా?"

"బడి కోసమే. నువ్వు చదువుకున్న బడి."

"నేను చదివానా అందులో? కూర్చున్నానంతే."

"రేపు వీళ్ళూ కూర్చుంటే చాలు."

టెస్సా ఫక్కున నవ్వింది. ఆ వెంటనే నవ్వు ఆపి నన్ను సూటిగా చూసింది.

"మీ మనవడు పైన్ హార్బర్‌లో ఈత కొడుతున్నాడటగా. వాణ్ణి తెచ్చి కూర్చోబెట్టుకోవచ్చుగా ముందు?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నాకు చెవులు కాలిపోయాయి. "అడిగాను," అన్నాను. "మా అమ్మాయి ముఖం మీదే తలుపేసింది."

"పోనీలెండి, నేనైతే వేయలేదుగా." కొంచెం మెత్తబడింది. "సరే, ఇలా చేద్దాం. నేను పొద్దున మా మరిది ట్రక్కులో వెళ్ళి తాళం తీసుకుంటా. పిల్లలు బడికొస్తారు. సాయంత్రం మీరు కారులో తెచ్చి దింపండి."

ఎంత చక్కటి ఉపాయమో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది. ఆ మాట పట్టుకుని సరే అని లేచొచ్చేస్తే ఈ కథే లేదు. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళ గుమాస్తాగిరీ నా బుర్రని ఫైలులా కుట్టేసింది. బిడ్డ ఏ ఊరి బడిలో చేరినా, లెక్క రోజున తల్లి ఈ రాష్ట్రంలోనే కాపురముండాలి. పొద్దున్నే తల్లి సామానుతో సహా వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయిందని తనిఖీలో తేలితే నలుగుర్నీ కొట్టేస్తారు. అదే ఆమెకు చెప్పాను. నిజంగా కొట్టేస్తారా అంటే నాకు ఇప్పటికీ తెలియదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అలా కొట్టేయడం నేను ఒక్కసారీ చూడలేదు.

"అయితే కుదరదు మిస్ జెన్," అంది టెస్సా. "ఏమీ అనుకోకండి."

"నేను హాగన్‌తో మాట్లాడతా. నంబరు ఇవ్వు."

కారులోకి వెళ్ళి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు, మెసేజ్ పెట్టమని మెషీన్ పలికింది. గొంతు సవరించుకున్నాను. ఆ గొంతంటే ఊళ్ళో అందరికీ భయం, ఆ గొంతు విని మేనేజర్లు షిఫ్టు మధ్యలో తల్లుల్ని ఇంటికి పంపిన రోజులున్నాయి. కాల్డర్ తూర్పు బడి ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని, మిసెస్ బక్‌నర్ బడి పని మీద కొంచెం ఆలస్యంగా బయల్దేరతారని, ఏడింటి దాకా ఉంచవలసిందని చెప్పి నా నంబరు ఇచ్చాను. ఫోన్ పెట్టేసి పావుగంట కూర్చున్నాను. ఆయన తిరిగి చేయలేదు.

అయినా బడి మాటని ఎవరు కాదంటారు అనుకున్నాను. అదే నా బుద్ధితక్కువతనం. ఆ గొంతు చెల్లేది మా ఊరి పొలిమేర దాకానే అని నాకు తట్టలేదు.

లోపలికి వెళ్ళి, "మాట్లాడాను. ఏడింటి దాకా ఉంచుతానన్నాడు," అని చెప్పాను.

టెస్సా నన్ను కౌగిలించుకుంది.

బుధవారం పొద్దున టెస్సా మరిది ట్రక్కు తెచ్చి సామాను సంచులన్నీ వేసుకుని వెళ్ళిపోయాడు. పిల్లలు మాత్రం బస్సెక్కారు. జూనీ సర్దగా మిగిలిన వంట గిన్నె ఒకటి తల మీద బోర్లించుకుని వచ్చింది, టోపీలన్నీ సంచుల్లో వెళ్ళిపోయాయట. లెస్టర్ ఆ రోజు మూడు ట్రిప్పులు వేశాడు. అలారం మోగలేదన్న ఒక కుర్రాణ్ణి రాత్రి దుస్తుల్లోనే ఎత్తుకొచ్చాడు. "ఇదుగో, ఇంకా వేడిగా ఉన్నాడు," అంటూ నా కౌంటరు ముందు దింపాడు. టీచర్లు పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి హాజరు వేసి, సిరాతో సంతకాలు పెట్టి పట్టీలు తెచ్చిచ్చారు. ఆటలమ్మ పోసిన పిల్ల ఒక్కతే రాలేదు.

నూట ఎనభై ఒకటి.

రూబీ స్టోరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. నేను బయట నిలబడి కాపలా కాశాను, నా కళ్ళూ తుడుచుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఆ మధ్యాహ్నం నాకు ఆకలి వేసింది. చల్లారిపోయిన పిజ్జా మూడు ముక్కలు తిన్నాను.

రెండున్నరకి నా కారులోనూ లెస్టర్ సొంత ట్రక్కులోనూ బయల్దేరాలని మా ఏర్పాటు. రెండున్నర గంటల దారి. సరిగ్గా రెండూ ఇరవైకి చీటీ తీస్తే సైకిలు కేడ్ బక్‌నర్‌కి వచ్చింది. వాడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఇక ఫోటో అన్నారు. ఊరి పేపరు వాళ్ళు వచ్చారు గానీ ఊరి బడులన్నిటికీ సూపరింటెండెంటు మిస్టర్ ప్రెంటిస్ ఇంకా నది అవతల బడిలో చేతులు కలుపుతున్నారు. ఆయన వచ్చి, కోటు సర్దుకుని, వాడి భుజం మీద చెయ్యేసి పళ్ళికిలించేసరికి మూడూ పదైంది. ఆ సైకిల్ని లెస్టర్ ట్రక్కులో తాళ్ళతో కట్టడానికి ఇంకో పావుగంట.

టెస్సా గేటు దగ్గర నిలబడి పదేపదే ఫోన్‌లో టైము చూసుకుంటోంది.

"మిస్ జెన్, ఏడింటి దాకా అన్నాడు కదా ఆయన? ఖాయంగా అన్నాడుగా?"

"అన్నాడు," అన్నాను. మొదటిసారి చెప్పినప్పుడు నోట్లో కొంచెం తడబాటు ఉండింది. రెండోసారికి అదీ లేదు.

కవలలు లెస్టర్ ట్రక్కులో, టెస్సా, ఒపల్, జూనీ నా కారులో. దారి పొడుగునా జూనీ టబ్బు ఎంత లోతుంటుందని అడుగుతూనే ఉంది. ఆరుకి పది నిమిషాలుందనగా హాగన్ ఫ్లాట్ల ముందు ఆగాం. టెస్సా మెట్లెక్కింది. వెనకే నేను, నా వెనక పిలవకుండానే ఒపల్.

హాగన్ మర్యాదస్తుడు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటకు వచ్చి, టెస్సా పేరు వినగానే బాధపడ్డాడు.

"అయ్యో, ఐదుంబావు దాకా చూశానమ్మా. మీరు రారేమో అనుకున్నా. వాళ్ళెవరో చంటిపిల్లతో వచ్చి నిలబడ్డారు. తాళం ఇచ్చేశాను."

"మీరు ఏడింటి దాకా అన్నారు కదండీ," అంది టెస్సా.

"నేనా? ఎవరితో?"

"నేను ఫోన్ చేశానండీ," అన్నాను. "కాల్డర్ బడి నుంచి. నిన్న మధ్యాహ్నం."

"మెసేజా?" ఆయన తల గోక్కున్నాడు. "ఆ మెషీన్ నేను శుక్రవారాలే వింటానమ్మా. రోజూ వింటే పిచ్చెక్కుతుంది."

టెస్సా నా వైపు తిరిగి చూసింది. తిడుతుందనుకున్నాను. ఒక దెబ్బ వేసినా తల వంచుకునేదాన్ని. ఆమె హాగన్‌కి థాంక్యూ చెప్పింది. ఒపల్ మాత్రం ఆయన ముఖం, నా ముఖం, వాళ్ళమ్మ ముఖం ఒకదాని తర్వాత ఒకటి చూసింది. పై అంతస్తులో ఎవరో టబ్బులో నీళ్ళు వదిలిన చప్పుడు వినిపించింది.

చెల్లెలిది ఒంటి గది ఇల్లు, ముగ్గురు పిల్లలు. ఆమె అందరికీ మక్రోనీ వండి పెట్టింది, ఉంచుకోలేనని ఏడ్చింది. ఇల్లు లేకుండా పిల్లల్ని ఎక్కడ పెట్టి ఉద్యోగానికి వెళుతుంది? అదీ పోయినట్టే. సామాను సంచులు అక్కడే వదిలేసి, నలుగురు పిల్లలు, నాలుగు పుస్తకాల సంచులు, ఒక కొత్త సైకిలుతో వెనక్కి తిరిగాం. బ్లూ హెరాన్‌లో తొమ్మిదో గది అప్పటికే ఎవరికో ఇచ్చేశారు. మా ఇంటికి తీసుకొచ్చాను. వేరే దారి లేదు, వేరే ముఖమూ లేదు నాకు.

మర్నాడు పొద్దున పిల్లలకు పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ పోసిపెడుతుంటే టెస్సా వంటగదిలోకి వచ్చింది.

"ఆయనతో మాట్లాడానన్నారు."

"మెసేజ్ పెట్టాను."

"మాట్లాడటం, మెసేజ్ పెట్టడం ఒకటేనా మిస్ జెన్?"

"కాదు."

"అవునా." ఆమె కప్పులో కాఫీ పోసుకుంది. "పిల్లలకి తువ్వాళ్ళెక్కడున్నాయి? జూనీ మీ టబ్బులోంచి రానంటోంది."

అంతే. ఆ తర్వాత ఐదు వారాలు మా ఇంట్లో ఉంది. గిన్నెలు కడిగేది, మంచులో దారి ఊడ్చేది, థాంక్యూ అనేది. నాతో ఇంకేమీ మాట్లాడలేదు. పెట్రోలు బంకులో పని దొరకగానే మళ్ళీ బ్లూ హెరాన్‌కి వెళ్ళిపోయింది. ఈసారి నాలుగో నంబరు గది. సైకిలు పెట్టుకోవడానికి గదిలో చోటు లేదని మా గ్యారేజీలోనే ఉంచారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఉంటే అనేది. కాలు కడుక్కోవడానికైనా నాకు దారి దొరకలేదు.

ఆ గురువారం మాత్రం టీచర్ల గదిలో కేకు కోశారు. దాని మీద నూట ఎనభై ఒకటి అని క్రీముతో రాయించారు. నాకు ఒకట్ల స్థానంలోని ఒకటి వచ్చింది.

నవంబరు ఎన్నికల్లో బోర్డులో ఇద్దరు మారారు. కొత్త పన్ను వేయనివ్వమని చెప్పి గెలిచినవాళ్ళు. ఏప్రిల్‌లో, ఒక మంగళవారం సాయంత్రం, నది అవతల బడి జిమ్‌లో సమావేశం పెట్టారు. ఊరి మొత్తం మీద పిల్లలు నూట నలభై మంది తగ్గారని, తూర్పు బడి బాయిలరు మార్చాలంటే తల తాకట్టు పెట్టాలని, రెండు బడులకు కాక ఒక బడికే ప్రిన్సిపాల్‌నీ నర్సునీ పోషించగలమని ప్రెంటిస్ తెర మీద గీతలు చూపించాడు. గీతలన్నీ కిందికే పోతున్నాయి.

మాట్లాడదలచినవాళ్ళకు తలా మూడు నిమిషాలు. ఎర్ర అంకెల గడియారం పక్కనే ఉంటుంది. నా వంతు వచ్చింది. తీర్మానం నకలు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"మీరు నూట ఎనభై అన్నారు," అన్నాను. "మేము నూట ఎనభై ఒక్కమందిని తెచ్చాం."

ఎలా తెచ్చామో కూడా చెప్పాలనుకునే వెళ్ళాను. ఎవరి ఇల్లు కూల్చి తెచ్చామో చెబుదామనుకున్నాను. చెబితే ఆ నలుగురి లెక్క మీద అనుమానం వస్తుంది. అప్పుడు కూడా నాకు ఆ నలుగురి లెక్కే గుర్తొచ్చింది, చూడండి. నకలు మడిచేశాను. గడియారంలో ఇంకా నిమిషం నలభై సెకన్లు ఉండగా కూర్చున్నాను.

"నూట ఎనభై ఒకటి నిజంగా అభినందించదగ్గ విషయం," అన్నాడు బోర్డు అధ్యక్షుడు. "కానీ ఆ తీర్మానం పాత బోర్డుది." బడి మూసేయడానికి సరేననేవాళ్ళని చేతులెత్తమన్నాడు. ఐదు చేతులు లేచాయి, రెండు లేవలేదు.

బయటకొస్తుంటే లెస్టర్ నా పక్కన నడిచాడు. "చూశావా జెన్, మాట మీద నిలబడటానికి నీకు మూడు నిమిషాలిచ్చారు. మాట తప్పడానికి వాళ్ళకి పది సెకన్లు చాలాయి."

ఆయన మాటకి ఎప్పుడూ నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. ఆయనా దాని కోసం ఆగలేదు.

జూన్‌లో చివరి రోజు. గోడల మీద బొమ్మలన్నీ పీకేశారు. రూబీ తన గదిలో పెట్టెలు కడుతోంది, ఆమెకు వేరే ఊళ్ళో ఏదో దొరికింది. నేను నది అవతలికి పంపే ఫైళ్ళు సర్దుతున్నాను. ఒక్కో పిల్లకీ ఒక్కో ఫైలు, పైన పేరు, చిరునామా. ఒపల్ బక్‌నర్, బ్లూ హెరాన్ మోటెల్, గది నాలుగు. కోల్, కేడ్, జూనీ, అదే చిరునామా.

తల ఎత్తేసరికి కౌంటరు అవతల ఒపల్ నిలబడి ఉంది. ఆ ఏడాది పొడుగు సాగింది, గడ్డం కౌంటరు దాటి పైకి వచ్చింది. సంచి భుజాన వేసుకుంది. బయట లెస్టర్ బస్సు ఇంజను మోగుతోంది.

"మిస్ జెన్, ఒకటి అడగనా?"

"అడుగు తల్లీ."

"ఆ రోజు మేము ఫోర్ట్ వేన్ వెళ్ళిపోయి ఉంటే బడి మూసేసేవాళ్ళా?"

"మూసేసేవాళ్ళు."

"ఇప్పుడు మేము వెళ్ళలేదు. ఇప్పుడూ మూసేశారు."

"అవును."

ఒపల్ ఆ రెండూ మనసులో పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. కోపం లేదు. లెక్క అర్థం కానప్పుడు టీచర్‌ని అడిగే గొంతుతోనే అడిగింది.

"మరి మమ్మల్ని ఎందుకు ఆపారు?"

లెస్టర్ హారన్ కొట్టాడు. మంచి పిల్ల, పెద్దవాళ్ళు జవాబు చెప్పేదాకా కదలకూడదని మేమే నేర్పాం. నా చేతిలో ఉన్న ఫైలు వైపు చూస్తూ నిలబడిపోయింది. లెస్టర్ రెండోసారి హారన్ కొట్టాడు. నేను ఆ ఫైలు సర్ది ఇంకొకటి తీశాను. మూడోసారికి, "పర్లేదు మిస్ జెన్," అని బస్సెక్కడానికి వెళ్ళింది.